సరాసరి

కోస్గి దాటినంక మూడో స్టేజీల దిగితే మా బడి.
నలభై ఒక్క పేర్లు, ఒక్క గది,
గదిల సగం బియ్యం బస్తాలు.
మరుగుదొడ్డి ఉన్నదా అని ఫారంల అడిగిన్రు.
ఉన్నది. తాళం ఉన్నది.
తాళంచెవికి ఫారంల గడి లేదు.

దసరా పోయిన ఎనిమిదో దినం
సీలేసిన కవర్లతోని సర్వే సారొచ్చిండు.
ఏ దిక్కు పిల్లలకు ఎంత తెలివి,
ఏ దిక్కు బడికి ఎంత బలం,
పక్కపక్కన పెట్టి తూస్తరట.
చెడ్డోడు కాదు, బిస్కెట్లు గూడ తెచ్చిండు.
రిజిష్టర్ల నలభై ఒకటి, బెంచీల మీద పదిహేడు.
మిగిలినోళ్ళేరి అన్నడు.
పూనాల ఇద్దరు, పన్వేల్‌ల ఆరుగురు,
కడమోళ్ళ సంగతి గుంపుమేస్త్రికే ఎరుక.
"రానోళ్ళను లెక్కల పట్టొద్దు మేడమ్."
నేను లెక్కల టీచర్నే.
ఎంతమందిని ఇడిసిపెడితే
భాగారం అంత సాఫుగ తెగుతదో
నాకు ఒకలు చెప్పాల్నా.

గంట కొట్టినం. నలభై నిమిషాలు.
మాసమ్మ ఒళ్ళె తమ్ముడు, ఇంట్ల ఎవరు లేరు మరి.
ఆమె మూడో పేజీ కాడ ఆలోచన చేస్తుంటే
వాడు ఆరో పేజీల గుండ్రాలన్నీ నల్లగ దిద్దిండు.
మిషను అన్నీ చదువుతదట, ఒక్కటి పోనియ్యదట.
మా మండలం తెలివిల
ఆ మూడేండ్లోనిది గూడ ఒక పాలు.

ఒక తాన ఎస్కలేటర్ బొమ్మ.
నిచ్చెన అన్నరు కొందరు, వరికోత మిషనన్నరు.
మెట్లే నడుస్తయని ఒక్క తాయప్ప రాసిండు.
వాళ్ళమ్మ ఇసుక మోసిన మాల్‌ల
బిగించేటప్పుడు చూసిండట.
నడువంగ మాత్రం చూడలే.
అది తెరిచే నాటికి గుంపు ఇంకో దిక్కు పోయింది.

పద్నాలుగో ప్రశ్న.
గడ్డపార, తట్ట, పార, పలక.
వీటిల చేరనిదేది?
తాయప్ప పెన్సిలు నాలికకు తాకిచ్చి
శానాసేపు చూసి
పలక చుట్టు సున్న చుట్టిండు.
సరైన జవాబు. ఒక మార్కు.
మాసమ్మ ఏదీ చుట్టలే.
"నాలుగూ మా ఇంట్లనే ఉన్నయి గద టీచర్."
సున్న.

చలి ముదిరినంక ఫలితాలొచ్చినయి.
గోడ మీద పటం, జిల్లాకొక రంగు.
తెలివున్న దిక్కు ముదురాకుపచ్చ,
మా దిక్కు ఎండిన జొన్నచొప్ప.
"ఆ నేలే అంత, నెత్తురే మందం" అన్నడు
ముందు వరుసల ఒకాయన, నవ్వుకుంట.
చాయ్ గ్లాసు కింద పెట్టిన, ఏమన్న అందామని.
ఇంతల కరెంటు పోయింది, అందరు లేచిన్రు.
నేను గూడ లేచిన.
పోయేటప్పుడు చేతికిచ్చిన్రు, పిల్లలకు తలా ఒక కాయితం.
తాయప్ప, ఐదో తరగతి. పుట్టుక లెక్కన పదమూడు.
మానసిక వయసు: ఎనిమిది.

శనివారం పొద్దుమీకి నారాయణపేట బస్టాండు.
"సరాసరి బొంబాయి, సరాసరి బొంబాయి!"
కండక్టరు ఒర్లుతున్నడు.
సరాసరి అంటే
అన్నీ కూడి, అందరికీ పంచితే వచ్చేది అని
పొద్దుగాలే బోర్డు మీద రాసిన.
ఈడ దాని అర్థం,
నడుమ ఏడా ఆగదు అని.

బస్సు మెట్ల మీద తాయప్ప, వాళ్ళమ్మ,
రెండు సంచులు, గిన్నెల మూట.
"సగం టికెట్టియ్యి సార్, పన్నెండు నిండలే."
కండక్టరు వాని మూతి మీది నూగు దిక్కు చూసిండు,
భుజాల దిక్కు చూసిండు.
"మేస్త్రి కాడ నిండు కూలి, నా కాడ సగం టికెట్టా?"

నా సంచిల కాయితమున్నది.
ముద్ర ఉన్నది, సంతకం ఉన్నది,
ఎనిమిదేండ్లని అచ్చుల ఉన్నది.
తీస్తే సగం టికెట్టు తెగుతుండె.
జిప్పు దాకా చెయ్యి పోయింది.

అప్పుడు చూసిండు వాడు నన్ను.
తల దించుకొని
వాళ్ళమ్మ కొంగు గుంజిండు.
"నిండుదే తియ్యమ్మా. టీచరున్నది."